పిల్లాపెద్దా కలిసి చూడాలంటే మాయాబజారా, లవకుశా?

ఎండాకాలం సెలవులొస్తే మా హన్మకొండలో కొన్ని కాలనీల వాళ్లు ప్రొజెక్టరు కిరాయికి తెచ్చి, మేడ మీద తెల్లబట్ట కట్టి పిల్లలకు సినిమా వేస్తుంటారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పాత పాటల సినిమా కావాలంటే ముందుగా రెండు పేర్లు వినిపిస్తాయి: 1957 నాటి మాయాబజార్, 1963 నాటి లవకుశ. రెండింటిలోనూ ఎన్టీఆర్ ఉన్నారు, రెండింటి సంగీతంలోనూ ఘంటసాల ఉన్నారు. రెండూ మూడు గంటలు దాటేవే కాబట్టి ఒక్క సాయంత్రంలో రెండూ కుదరవు.

పాడటం సంగతి ముందు చెప్తాను. ఇందులో నాకు సందేహమే లేదు, లవకుశే గొప్పది. ఇద్దరు మగపిల్లలకు పి.లీల, పి.సుశీల గొంతులిచ్చారు. లీల గొంతులో కాస్త బరువుంటుంది, సుశీల గొంతు సన్నగా, తేటగా ఉంటుంది. విడివిడిగా వింటే ఎవరు ఎవరో ఇట్టే పోల్చుకోవచ్చు. ‘వినుడు వినుడు రామాయణ గాథ’లో ఇద్దరూ కలిసి అందుకున్నప్పుడు మాత్రం ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలు పాడుతున్నట్టే అనిపిస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో తెలియదు. ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడే సంగతుల్లో ఒక్క మాట కూడా నలిగిపోదు. పాటలు నేర్చుకునే పిల్లలుంటే ఈ ఒక్క విషయం చెప్పి కూర్చోబెట్టండి: రాగం ఎంత సాగినా మాట చెదరకూడదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ సినిమాలో పాట కథకు పెట్టిన నగ కాదు, పాటే కథ. ఆశ్రమంలో నేర్చుకున్న రామకథను పిల్లలు అయోధ్య దాకా పాడుకుంటూ వస్తారు. ఆ కథ తమదేనని పాడేవాళ్లకు తెలియదు. వీళ్లు తమ ఇంటి పిల్లలేనని వినేవాళ్లకూ తెలియదు. మన వైపు పెద్దవాళ్లకు ఇది చప్పున అందుతుంది. మా వరంగల్ దగ్గరి ఐలోని మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నవాళ్లకు, కథంటే పాడి చెప్పేదే. ఒకరు అందుకోవడం, పక్కవాళ్లు వంత పలకడం, మధ్యలో మాట, మళ్లీ పాట. అందుకే పాటలూ పద్యాలూ కలిపి ముప్పైకి పైగా ఉన్నా మా ఇళ్లలో అమ్మమ్మలు ఒక్కటి కూడా దాటేయనివ్వరు. పిల్లలు రిమోట్ అందుకుంటే కసురుతారు.

మాయాబజార్‌లో పాట తక్కువదని కాదు. సాలూరి రాజేశ్వరరావు నాలుగు బాణీలు కట్టి పక్కకు తప్పుకుంటే, మిగతా పని ఘంటసాల పూర్తి చేశారు. అయినా ఎక్కడా అతుకు కనిపించదు. ‘వివాహ భోజనంబు’లో మాధవపెద్ది సత్యం నవ్వు వింటే చిన్నపిల్లలు తామూ అలా నవ్వాలని చూస్తారు. ఆ గొంతు ఎస్వీ రంగారావుది కాదంటే నమ్మరు.

ఇక ఆట. ఇక్కడ లవకుశ మాయాబజార్‌కు దరిదాపుల్లోకి రాదు. లవకుశలో నృత్యాలు చూడముచ్చటగానే ఉంటాయి, కానీ అవి లేకపోయినా కథ నడిచిపోతుంది. మాయాబజార్‌లో ‘ఆహ నా పెళ్ళియంట’ తీసేస్తే సినిమా కుంటుతుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లింట్లో చేరాడు. అంటే సావిత్రి ఆడేది శశిరేఖగా కాదు, శశిరేఖలా నటించే రాక్షసుడిగా. సిగ్గుపడే అమ్మాయి నడక నాలుగు అడుగులు, అంతలో మరిచిపోయి మోటుగా ఒక ఊపు, ఉలిక్కిపడి మళ్లీ వయ్యారం. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల మగగొంతు దూరుతుంది, సరిగ్గా ఆ క్షణానికే సావిత్రి భుజాలు, కళ్లు మారిపోతాయి. పసుమర్తి కృష్ణమూర్తి కూర్చిన నాట్యంలో కష్టమైన అడుగులు పెద్దగా లేవు. కష్టమంతా ఒకే శరీరంలో ఇద్దరిని చూపించడంలో ఉంది. ఈరోజుల్లో డాన్స్ బాగుందంటే ఎంత వేగంగా కదిలారని చూస్తున్నాం. ఈ పాట చూపిస్తూ, ఇక్కడ ఏ అడుగు ఎవరిదో చెప్పమని పిల్లలను అడగండి. ఐదేళ్ల పిల్ల కూడా చెప్పగలదు.

తీసిన తీరులో రెండింటికీ పెట్టుకున్న పని వేరు. లవకుశ మన మొదటి పూర్తి రంగుల తెలుగు సినిమా. 1934లోనే ఇదే కథ తీసిన సి.పుల్లయ్య మళ్లీ మొదలుపెడితే, కొడుకు సి.ఎస్.రావు పూర్తి చేశారు. డబ్బుల ఇబ్బందితో ఏళ్ల తరబడి ఆగుతూ సాగింది, ఆ ఒడుదొడుకులు తెర మీద అక్కడక్కడా తెలుస్తాయి. నేను చూసిన కాపీల్లో రంగు ఒక్కో రీలులో ఒక్కోలా ఉంది. మాయాబజార్ నలుపు తెలుపుల్లోనే ఉన్నా మార్కస్ బార్‌ట్లీ కెమెరా ‘లాహిరి లాహిరి’లో పండువెన్నెల కురిపించింది. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడే చోట కంప్యూటర్ గ్రాఫిక్స్ తెలిసిన పిల్లలు కూడా ఎలా తీశారని అడుగుతారు.

వయసు గురించీ ఆలోచించాలి. లవకుశలో నిండు చూలాలైన సీతను అడవిలో వదిలేస్తారు. చివరికి ఆమె భూమిలోకి వెళ్లిపోతుంది. పసిపిల్లలు ఏడుస్తారు, రాముడు అలా ఎందుకు చేశాడని నిలదీస్తారు. అది మంచి ప్రశ్నే. కానీ పక్కన కూర్చుని ఓపిగ్గా మాట్లాడే పెద్దవాళ్లు ఉండాలి. మేడ మీద యాభై మంది నడుమ అది కుదరదు.

కాబట్టి కాలనీ అంతా కలిసి చూసేదైతే మాయాబజార్ వేయండి. లవకుశను పిల్లలకు పదేళ్లు దాటాక ఇంట్లో, అమ్మమ్మో నాయనమ్మో పక్కన ఉన్నప్పుడు, ఇంటర్వెల్ దాకా ఒకరోజు, మిగతాది మర్నాడు పెట్టుకోండి. మాయాబజార్‌లో 2010లో రంగులద్ది విడుదల చేసిన కాపీ కూడా దొరుకుతుంది, కానీ అందులో నిడివి తగ్గించారు. పాటల కోసం చూసేవాళ్లు పాత నలుపు తెలుపు కాపీనే తెచ్చుకోవాలి. ప్రొజెక్టరు మామూలుదైనా పర్వాలేదు, స్పీకర్లు మాత్రం మంచివి చూసుకోండి. చిన్న స్పీకర్లో మాధవపెద్ది గొంతులోని ఆ గాంభీర్యం వినబడదు.