లిస్ట్ పేరు లిస్టే పెట్టి రెండు గంటలు పోగొట్టుకున్నాక రఫ్ వాడాను

పైథాన్‌లో లిస్ట్, ఐడీ, ఇన్‌పుట్ లాంటివి కీవర్డ్‌లు (మనం పేరుగా వాడకూడని పదాలు) కావు, పైథాన్ ముందే ఇచ్చే ఫంక్షన్ల మామూలు పేర్లే. కాబట్టి వేరియబుల్‌కి "లిస్ట్" అని పేరు పెడితే పైథాన్ కిక్కురుమనదు, అసలు ఫంక్షన్ మాత్రం ఆ పేరు వెనక దాక్కుంటుంది. నేనూ అదే చేశాను. యాభై లైన్ల కింద టపుల్‌ని లిస్ట్‌గా మార్చబోతే "లిస్ట్ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ కాలబుల్" అని టైప్‌ఎర్రర్, అర్ధరాత్రి టెన్షన్!

అందుకే రఫ్ పెట్టాను, అది పైథాన్ కోడ్‌ని నడపకుండానే తప్పులు చూపే టూల్. రస్ట్ భాషలో రాశారు కాబట్టి వేగం గురించి చెప్పక్కర్లేదు, సేవ్ నొక్కేలోపే అయిపోతుంది. కానీ ఒక మెలిక ఉంది: ఈ తప్పుని పట్టే రూల్స్, అంటే ఫ్లేక్8-బిల్ట్‌ఇన్స్ అనే ప్లగిన్ నుంచి తెచ్చుకున్న, "ఏ" అక్షరంతో మొదలయ్యేవి, డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండవు, సెట్టింగ్స్‌లో మనమే "ఏ" అని చేర్చాలి. ఇది నాకు నచ్చలేదు, కొత్తవాళ్లకే కదా ఇది ఎక్కువ అవసరం.

ఏ001 వేరియబుల్స్‌ని, ఏ002 ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లని చూస్తుంది. డేటాబేస్ కోడ్‌లో "ఐడీ" అనే ఆర్గ్యుమెంట్ అడుగడుగునా ఉంటుంది, దాంతో హెచ్చరికల వాన. నేనైతే ఐడీ ఒక్కదాన్ని ఇగ్నోర్‌లిస్ట్‌లో పడేశాను. పాత కోడ్‌లో "లిస్ట్"లు మాత్రం ఇంకా పదకొండు మిగిలాయి, ఒక్కొక్కటే మారుస్తున్నా.