కుక్కకు తెచ్చివ్వడం నేర్పాలంటే: పిల్లప్పుడే ఆటగానా, పళ్లొచ్చాక పాఠంగానా?

మైపాడు రోడ్డులో మా మామ రొయ్యల గుంటల కాపలాకని ల్యాబ్రడార్‌ను తెచ్చాడు. దొంగొస్తే తోక ఊపుతూ టార్చిలైటు తెచ్చిచ్చే జాతి అది. అయినా తెచ్చాడు. దానికి రెండో నెలలోనే బంతి విసరడం మొదలుపెట్టాం. ఆ తర్వాత వచ్చినదానికి ఏడో నెల దాకా ఏమీ విసరలేదు. రెండూ ఒకే గట్టు మీద పెరిగాయి కాబట్టి తేడా కళ్లారా చూశాం.

ముందు ఒక మాట. ఇదంతా డమ్మీతో, అంటే వేటాడిన పక్షికి బదులు విసిరి తెప్పించే బొమ్మతో చేసే పనే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చంపడమే కాదు, అడవి జంతువుల్ని తరమడం కూడా వేట కిందికే వస్తుంది. గుంట మీద వాలిన కొంగల మీదికి కుక్కను ఉసిగొల్పడం సరదా కాదు. ఇంకోటి, ముధోల్, రాజపాళయం లాంటివి కంటితో చూసి వెంటపడే కుక్కలు. పట్టింది తెచ్చి చేతికివ్వడం వాటి రక్తంలో లేదు. ల్యాబ్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో పడవల్లో తిరిగినవి. కాబట్టి కింద చెప్పేది ల్యాబ్, గోల్డెన్ రిట్రీవర్, స్పానియల్ ఉన్నవాళ్లకే.

ఆటగా నేర్పితే ఎనిమిదో వారం నుంచే మొదలెట్టొచ్చు. రెండు గోడల మధ్య సందు చాలు. ఒక చివర మీరు కూర్చుని చుట్టిన సాక్స్ విసిరితే, తిరిగి మీ దగ్గరికి తప్ప దానికి ఇంకో దారి ఉండదు. రోజుకు మూడు నాలుగు సార్లు వేసి, అది ఇంకా కావాలని చూస్తుండగానే దాచెయ్యాలి. రాగానే నోట్లోది లాక్కోకూడదు, ఛాతీ నిమిరి కాసేపు పట్టుకోనివ్వాలి. రాకుండా ఆగిపోతే దాని వెంటపడొద్దు, మీరే అటు తిరిగి పరిగెత్తాలి. మేం అన్నీ తలకిందులుగా చేశాం. ఇరవై సార్లు విసిరాం, గట్టంతా తరిమాం, పిల్లలతో లాగుడు ఆటలూ ఆడించాం. ఏడాదికల్లా అది బాణంలా వెళ్లేది, నోట కరిచేది, అక్కడినుంచి మమ్మల్ని ఆడించేది. వెళ్లడంలో వంక లేదు, వచ్చి ఇవ్వడమే దాని దయ.

రెండోదానికి విసరడమే చివరి పాఠం. ముందు డమ్మీని ముక్కుతో తాకితే ఉడికించిన కోడిమాంసం ముక్క. తర్వాత నోట్లో ఒక్క సెకను, మూడు, పది. పట్టుకునే రెండడుగులు నడవడం. చేతినుంచి తీసుకోవడం, నేలమీదినుంచి తీసుకోవడం. ‘ఇయ్’ అంటేనే నోరు తెరవాలి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ముక్క ముందే చేతిలో కనిపిస్తే కుక్క డమ్మీని ఉమ్మేసి ముక్క కోసం వస్తుంది. ‘ఇయ్’ అన్నాక, డమ్మీ మీ చేతిలో పడ్డాకే జేబులోకి చెయ్యి పోవాలి. మాకిదంతా నెలన్నర పట్టింది. తర్వాత ఆ కుక్క ఒక్కసారీ ఎగ్గొట్టలేదు. కానీ పరుగులో ఆ మంట లేదు, ఆఫీసులో సంతకం పెట్టడానికి వెళ్తున్నట్టు వెళ్లేది.

ఇక చెవి మెలేసి, నొప్పికి నోరు తెరవగానే డమ్మీ పెట్టి వదిలే పాత పద్ధతి. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర పనిచేస్తుందంటారు. మనలాంటివాళ్లు చేస్తే కుక్క డమ్మీకీ భయపడుతుంది, చేతికీ భయపడుతుంది. నాకొద్దు.

నా ఓటు: రెండూ కావాలి, కానీ మధ్యలో విరామంతో. నాలుగో నెల దాకా సందులో ఆట. అప్పటికి పాలపళ్లు ఊడటం మొదలవుతుంది, ఆరేడు నెలలకు 42 పళ్లూ వస్తాయి. చిగుళ్లు సలుపుతున్నప్పుడు పట్టించి తెప్పిస్తే, తేవడమంటే నొప్పి అని నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో పిలిస్తే రావడం, కూర్చోవడం నేర్పుకోండి. పళ్లు కుదిరాక ‘పట్టు, ఇయ్’ పాఠం. ఒకటే ఎంచుకోమంటే మాత్రం ఆలస్యంగా మొదలెట్టే పాఠానికే నా ఓటు. చప్పగానైనా ప్రతిసారీ తెస్తుంది కదా.

విసరగానే ఉరకకుండా ఆపడం కూడా పళ్లు కుదిరాకే. కుక్కపిల్లను ఆపితే ఉన్న ఉత్సాహం కాస్తా చస్తుంది. పెద్దదయ్యాక పట్టీ పట్టుకుని ఆపండి, పది విసిరితే మూడు నాలుగు మీరే వెళ్లి తెచ్చుకోండి.

పెన్నా ఇసుకలో ఎండెక్కకముందే ముగించాలి. రోహిణి కార్తెలో అయితే అసలొద్దు. సర్కారు తుమ్మ ఉన్నచోట విసిరితే రాత్రంతా పాదాల్లో ముళ్లు తీస్తూ కూర్చోవాలి. సముద్రంలో నీళ్ల పాఠం పెడితే డమ్మీతోపాటు ఉప్పునీళ్లూ మింగి, ఇంటికొచ్చి కక్కుతుంది. లోతు లేని, పారుదల లేని మంచినీళ్ల అంచు మేలు. రొయ్యల గుంటలోకి మాత్రం దింపకండి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ రెక్కలు తిరుగుతుంటాయి.

ఇప్పుడు మూడోది వచ్చింది, తొమ్మిది వారాలది. పొద్దున్నే సందులో మూడుసార్లు సాక్స్ వేస్తున్నా. మామే ఆగడు. “ఇంకొక్కసారి ఎయ్ రా అబ్బయ్యా, ఎట్టా చూస్తందో చూడు” అంటాడు. నేను సాక్స్ జేబులో కుక్కుకుని టీకి వెళ్లిపోతున్నా.