వెబ్‌లేట్ సమీక్ష: తిరుపతి, చిత్తూరు వైపు తెలుగువాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఓపెన్ సోర్స్‌కు (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కు) ఏదైనా చేయాలని ఉన్నా, కోడింగ్ రాదు కదా అని ఆగిపోయేవాళ్లు మన వైపు చాలామంది. ఎస్వీ యూనివర్సిటీలో తెలుగు ఎంఏ చదివేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, బడిపంతుళ్లు. వీళ్ల దగ్గర మంచి తెలుగు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ తెలుగుకు కరువు ఉంది. ఈ రెంటినీ కలిపే చోటు వెబ్‌లేట్.

ఇది సాఫ్ట్‌వేర్‌లోని మాటలను బ్రౌజర్‌లోనే అనువదించే వేదిక, 2012లో చెక్ దేశంలో మొదలైంది. దీని కోడ్ కూడా జీపీఎల్ లైసెన్సుతో అందరికీ తెరిచే ఉంది. లిబ్రెఆఫీస్ (ఆఫీసు ప్రోగ్రాముల కట్ట), ఫెడోరా (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ప్రాజెక్టులకు తమవంటూ విడి వెబ్‌లేట్ సైట్లు ఉన్నాయి. ఓపెన్ సోర్స్ ఆప్‌ల స్టోర్ అయిన ఎఫ్‌-డ్రాయిడ్‌తో పాటు ఎన్నో చిన్న ఆప్‌లు వెబ్‌లేట్ వాళ్ల సర్వర్‌లోనే ఉన్నాయి. అనువాదకులు పైసా కట్టనక్కర్లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. తెలుగు బాగా వచ్చి గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) రానివాళ్లకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు. అయితే ఇందులో సేవ్ నొక్కడం మరీ సులువు. చిన్న ప్రాజెక్టుల్లో మెయింటెయినర్‌కు (ప్రాజెక్టును నడిపే మనిషికి) తెలుగు రాదు, సరిచూసే రెండో మనిషీ ఉండడు. మీరు ఏది రాస్తే అదే తర్వాతి వెర్షన్‌లో జనం ఫోన్లలోకి పోతుంది. తప్పు రాస్తే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే వెబ్‌లేట్ గొప్ప పనిముట్టు.

ఖాతా తెరవగానే అనువాదంలోకి దూకకండి. ముందు సెట్టింగ్స్‌లో మూడు పనులు చేయాలి. మొదటిది ఈమెయిల్. మీ పేరు, మెయిల్ ప్రతి మార్పుతో పాటు గిట్ చరిత్రలోకి ఎక్కుతాయి. అది బహిరంగం, తర్వాత తుడిచేయడం దాదాపు అసాధ్యం. సొంత మెయిల్ నలుగురికీ కనబడకూడదనుకుంటే ఖాతా పేజీలో, గిట్‌లో నమోదయ్యే ‘కమిట్ ఈమెయిల్’ను మొదటి రోజే మార్చుకోండి.

రెండోది సెకండరీ భాషలు. మన జిల్లాలకు ఇది పెద్ద వరం. తమిళం, కన్నడం చదవగలిగేవాళ్లు చిత్తూరు, పలమనేరు, నగరి వైపు ఎంతోమంది. ఆ రెంటినీ అక్కడ చేర్చుకుంటే ఇంగ్లిషు వాక్యం పక్కనే వాటి అనువాదాలూ కనబడతాయి. ఇంగ్లిషులో ‘ఓపెన్’ అని ఒక్క మాటే ఉంటే అది ‘తెరువు’ అనే బటనా, ‘తెరిచి ఉంది’ అనే స్థితా తెలియదు. తమిళంలో ‘తిఱ’ అని ఉంటే క్రియ, ‘తిఱంద’ అని ఉంటే విశేషణం. తమిళ అనువాదకుడూ పొరబడి ఉండొచ్చు కాబట్టి, కుడి పక్కన స్ట్రింగ్ (అనువదించే వాక్యం) సమాచారంలో, ఆ మాట కోడ్‌లో ఉన్న చోటికి తీసుకెళ్లే సోర్స్ లింకు కూడా తెరిచి చూడండి. కోడ్ అర్థం కాకపోయినా, చుట్టూ ఉన్న పేర్లలో ‘బటన్’ అనో ‘టైటిల్’ అనో కనబడితే చాలు.

మూడోది ప్రత్యేక అక్షరాల పెట్టె. అందులో జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (అక్షరాలు ఒత్తులుగా కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తును) అతికించి పెట్టుకోండి. రాసే చోట పైన అది ఒక బటన్‌గా వస్తుంది. అది లేకపోతే ఏమవుతుందో ఈ సైటు పేరులోనే కనబడుతుంది: ‘వెబ్‌లేట్’ కాస్తా ‘వెబ్లేట్’ అయిపోతుంది. ‘సాఫ్ట్‌వేర్’లో అయితే ఫ కింద ట, వ రెండు ఒత్తులూ పడతాయి. ఇరుకైన బటన్‌లో ఆ కింది ఒత్తు సగం కోసుకుపోతుంది.

ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు పేరున్నది అని కాక, రోజూ వాడేది ఎంచుకోండి. ఏ మాట ఏ తెరమీద వస్తుందో వాడేవాళ్లకే తెలుస్తుంది. తెలుగు పేజీలో అనువాదమైన శాతం చూడండి, హిస్టరీ చూడండి. ఈమధ్య ఎవరైనా పనిచేస్తూ ఉంటే, వాళ్లు వాడిన మాటల్నే కొనసాగించడం మర్యాద. వాళ్లు ‘ఫైలు’ అన్నచోట మీరు ‘దస్త్రం’ అంటే ఒకే ఆప్‌లో రెండు మాటలు తిరుగుతాయి. మీకు దస్త్రమే నచ్చితే కామెంట్‌లో మాట్లాడుకుని, ఒప్పుకున్నాక గ్లాసరీలో (ప్రాజెక్టు పదకోశంలో) చేర్చి, అప్పుడు అన్నిచోట్లా మార్చండి.

తెలుగు అసలు లేని ప్రాజెక్టులో కొత్త భాష మొదలుపెట్టే బటన్ ఉంటుంది. పూర్తిచేసే ఓపిక ఉంటేనే దాన్ని నొక్కండి. కొన్ని ఆప్‌లు నాలుగు మాటలు అనువాదమైనా చాలు, భాషల జాబితాలో తెలుగు చూపిస్తాయి. ఎంచుకున్న మనిషికి నాలుగు తెలుగు మాటలు, మిగతాదంతా ఇంగ్లిషు కనబడుతుంది.

ఇంకో సంగతి. గిట్ కొంచెం తెలిసినవాళ్లు తెలుగు ఫైలును నేరుగా దిద్ది పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అనే వినతి) పంపుతుంటారు. వెబ్‌లేట్ వాడే ప్రాజెక్టులకు ఇది ఉపకారం కాదు, అదనపు చాకిరీ. అదే ఫైలులో వెబ్‌లేట్ మార్పులూ పోగై ఉంటాయి. రెండూ ఢీకొంటాయి. ఆ చిక్కుముడి విప్పాల్సింది జీతం లేకుండా రాత్రిపూట కూర్చునే మెయింటెయినర్.

ఇక అసలు పని. సాఫ్ట్‌వేర్ వాక్యాల్లో ఖాళీలు ఉంటాయి. క్యూటీ అనే ప్రోగ్రామింగ్ సాధనాల కట్టతో చేసిన ప్రోగ్రాముల్లో అవి %1, %2 అని కనబడతాయి. వాడుక సమయంలో అక్కడ ఫైలు పేరో మనిషి పేరో వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లిషుకు ఇబ్బంది లేదు. తెలుగులో విభక్తి వచ్చి ఆ పేరుకే అతుక్కుంటుంది. చెరిపే ముందు అడిగే ప్రశ్నను ‘%1ను తొలగించాలా?’ అని రాశారనుకోండి. ఫోల్డర్ పేరు చిత్తూరు అయితే ‘చిత్తూరును తొలగించాలా?’, బాగానే ఉంది. తిరుపతి అయితే ‘తిరుపతిను’ అవుతుంది. మనం అనేది తిరుపతిని. కాణిపాకం అయితే ‘కాణిపాకంను’, కావాల్సింది కాణిపాకాన్ని. ఒకే వాక్యం, మూడు ఊళ్లు, రెండు తప్పులు. ‘కి’, ‘కు’ల దగ్గరా ఇదే తంటా.

మందు చాలా చిన్నది. విభక్తిని ఖాళీకి తగిలించకుండా, మీకు ముందే తెలిసిన నామవాచకానికి తగిలించండి: ‘“%1” అనే ఫోల్డరును తొలగించాలా?’ ఇప్పుడు ఏ ఊరి పేరు వచ్చినా వాక్యం చెడదు. అనువాదం చేసే ప్రతి వాక్యానికీ ఇలా ఇకారాంతం ఒకటి, ఉకారాంతం ఒకటి, సున్నాతో ముగిసేది ఒకటి, మూడు పేర్లు పెట్టి పైకి చదివి చూడండి. పది సెకన్లు పట్టదు.

ఖాళీల వరస కూడా తెలుగులో తిరగబడుతుంది. పదింటిలో మూడోది అని చెప్పే చోట ఇంగ్లిషులో %1 ముందు, %2 తర్వాత వస్తాయి. తెలుగులో ‘%2లో %1’ అని రాయాలి. మెషిన్ అనువాదాన్ని నమ్మితే ‘3 యొక్క 10’ లాంటిది వస్తుంది. అంకెలు లేకుండా పర్సెంట్ ఎస్ (%s) మాత్రమే ఉన్న పాత తరహా ఫైళ్లలో అయితే వరస ఊరికే మార్చకండి. పేర్లు తారుమారవుతాయి, ఒక్కోసారి ప్రోగ్రామే పడిపోతుంది. వరస సంఖ్యను పర్సెంట్ గుర్తుకూ అక్షరానికీ మధ్య, డాలర్ గుర్తుతో కలిపి (%2$s లాగా) రాస్తే ఆ ఫార్మాట్ చాలావరకు ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుందో లేదో తెలియకపోతే కామెంట్‌లో అడగండి.

ఎన్ని ఉన్నాయో చెప్పే వాక్యాల దగ్గర తెలుగు రాయడానికి రెండు పెట్టెలు వస్తాయి. మొదటిది సరిగ్గా 1కి, రెండోది మిగతా అన్నిటికీ. సున్నా కూడా రెండో దాంట్లోకే: ‘0 ఫైళ్లు’. మనుషుల లెక్క దగ్గర మాత్రం జాగ్రత్త. ఇద్దరు, ముగ్గురు అనే మన పద్ధతిని ఏ సాఫ్ట్‌వేరూ ఎరగదు. ‘2 సభ్యులు’ చెవికి గుచ్చుకుంటుంది. ‘సభ్యులు: %1’ అని తిప్పేస్తే సరి. ఎవరో చేరారని చెప్పే చోట ‘చేరాడు’ అని రాయకండి, ఆ పేరు లక్ష్మి కావచ్చు. ‘చేరారు’ అంటే మర్యాదా నిలుస్తుంది.

భాష ఏ యాసలో ఉండాలన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. మన నోట ‘లోడవుతాంది’ అనే వస్తుంది. మెనూలో ‘లోడవుతోంది’ అని రాయడమే మేలు, ఎందుకంటే శ్రీకాకుళం మనిషీ అదే బటన్ చూస్తాడు. అలాగని గ్రాంథికంలోకి వెళ్లక్కర్లేదు. చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసే గుమాస్తా ఒక్కసారి చూసి నొక్కగలగాలి. అదే కొలత.

వెబ్‌లేట్‌లో అతి ప్రమాదకరమైన చోటు ఆటోమేటిక్ సజెషన్ల ట్యాబ్. పాత అనువాదాల నుంచి వచ్చే సూచనలు పనికొస్తాయి. మెషిన్ ఇచ్చేవాటిని మాత్రం చూసి దిద్దాలి తప్ప వరసగా ఒప్పుకుంటూ పోకూడదు. పెట్టెలో రాసింది తుడిచే ‘క్లియర్’ బటన్‌కు ‘స్పష్టమైన’ అనే మాట వచ్చేది ఇలాగే. ఒక్క సాయంత్రంలో వందల వాక్యాలు మెషిన్‌తో నింపేసి శాతం పెంచినవాళ్ల వల్ల నష్టమే ఎక్కువ. ఖాళీగా ఉన్న వాక్యం ‘పని మిగిలింది’ అని చెబుతుంది. తప్పుతో నిండినది ఎవరి కంటా పడదు.

నమ్మకం లేనప్పుడు ‘సేవ్’ బదులు ‘సజెస్ట్’ నొక్కండి, లేదా ‘నీడ్స్ ఎడిటింగ్’ టిక్కు పెట్టండి. ఇంకొకరి అనువాదం తప్పనిపిస్తే దానిమీద రాసేయకుండా సజెషన్ ఇచ్చి, కారణం ఒక్క వాక్యంలో కామెంట్ చేయండి. అచ్చుతప్పు అయితే నేరుగా దిద్దినా ఎవరూ ఏమనుకోరు.

వెబ్‌లేట్ చేసే తనిఖీలు బాగున్నాయి. %1 లాంటి ఖాళీ మరచిపోయినా, చివర చుక్క వదిలేసినా, రెండు స్పేసులు పడినా, ఒకే మాటను రెండు రకాలుగా అనువదించినా ‘థింగ్స్ టు చెక్’ పెట్టెలో చూపిస్తుంది. కానీ తెలుగు వ్యాకరణం దానికి తెలియదు. ‘తిరుపతిను’ను అది పట్టుకోదు. ఒత్తులు తెగడమూ దానికి కనబడదు. ఒక ఇరవై వాక్యాలు అయ్యాక ఆగి, ఆప్‌ను తెలుగులో పెట్టి చూడాల్సింది మనమే.

డీటీపీ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సుల్లో పేజ్‌మేకర్, ‘అను’ ఫాంట్ల అలవాటు గట్టిది. అందులో కొట్టినది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఒకే ప్రమాణ కోడ్) కాదు. అక్షరాల రూపం తెలుగే అయినా లోపల ఉన్న కోడ్‌లు వేరు. దాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే చదవలేని గీతలూ గుర్తులూ వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకోండి, లేదా నేరుగా యూనికోడ్ కీబోర్డుతో కొట్టండి.

ఫైలు దించుకుని ఇంట్లో నెట్ లేకుండా పనిచేసి తిరిగి ఎక్కించొచ్చు. ఎక్కించేటప్పుడు అడిగే ఎంపిక చదవండి. అనువాదం లేని వాక్యాలకే చేర్చే ఎంపిక క్షేమం. ఉన్నవాటినీ మార్చే ఎంపిక పెడితే, మీరు దించుకున్న తర్వాత ఇంకొకరు దిద్దినవన్నీ పాత రూపానికి పోతాయి.

ఇంగ్లిషు మూలంలోనే తప్పుంటే తెలుగులో సర్దుకోకండి. కామెంట్ పెట్టే చోట సోర్స్‌కు సంబంధించిన ఎంపికను పట్టుకుని, ఏ వాక్యం, ఏమిటి ఇబ్బంది, ఎలా ఉంటే బాగుంటుంది అని మూడు ముక్కలు ఇంగ్లిషులో రాయండి. వాక్యాన్ని ముక్కలుగా కోసి కోడ్‌లో అతికించడం తెలుగుకు కుదరదని చెబితే చాలామంది మెయింటెయినర్లు సంతోషంగా మారుస్తారు. దాంతో తమిళానికీ కన్నడానికీ కూడా మేలు జరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఫోన్ బ్రౌజర్‌లో పని జరుగుతుంది గానీ, కామెంట్లు, గ్లాసరీ, హిస్టరీ ఒకదాని కింద ఒకటి పడి వేలు నొప్పి పుడుతుంది. కంప్యూటర్ మీదే కూర్చోండి. నోటిఫికేషన్లు సర్దుకోకపోతే మెయిల్ పెట్టె నిండుతుంది. కొత్త వాక్యాలకు వారానికొకసారి వచ్చే డైజెస్ట్ (అన్నీ కలిపిన ఒకే మెయిల్) సరిపోతుంది.

సేవ్ చేసిన మాట వెంటనే ఆప్‌లో కనబడదు. మామూలుగా మార్పులను 24 గంటల దాకా పోగుచేసి వెబ్‌లేట్ ఒకేసారి కమిట్ చేస్తుంది. ఆ తర్వాత మెయింటెయినర్ వాటిని కలుపుకోవాలి, కొత్త వెర్షన్ విడుదల చేయాలి. ఇది వారాలూ కావచ్చు, నెలలూ కావచ్చు. నా అనువాదం ఎందుకు రాలేదని ఇష్యూ (ఫిర్యాదు) తెరిచే ముందు రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) తెలుగు ఫైలు తెరిచి చూడండి. మీ వాక్యం అక్కడ ఉంటే మీ వంతు అయినట్టే, మిగిలింది విడుదలే.