జబ్బు చేసి పని మానాల్సి వస్తే ఏది మేలు: పీఎఫ్ తీసుకోవడమా, ఈఎస్‌ఐ భృతా, పెన్షనా?

మా బాబాయికి 44 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చింది. జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా మెషీన్ ఆపరేటర్‌గా చేస్తున్నారు. నెల జీతం ఇరవై వేలు, అందులో బేసిక్ పదిహేను వేలు. కుడి చేయి స్వాధీనం తప్పింది. ఇంట్లో డబ్బు అవసరం ముంచుకొచ్చిన ఆ రోజుల్లో, రాజీనామా ఇస్తే పీఎఫ్ మొత్తం చేతికి వస్తుందని ఎవరో చెప్పగా, నెల తిరక్కుండానే సంతకం చేసి ఇచ్చేశారు. రెండున్నర లక్షలు వచ్చాయి. ఆస్పత్రి బాకీలకూ, పిల్లల ఫీజులకూ పోగా ఏడాదిలోపే అవి అయిపోయాయి. ఆ సంతకం వల్ల ఆయన ఏమేం పోగొట్టుకున్నారో నాకు ఆ తర్వాతే తెలిసింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

జబ్బు చేసినవారికి మన దగ్గర ప్రధానంగా నాలుగు దారులున్నాయి: ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఇచ్చే భృతి; పీఎఫ్‌తోపాటు నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకంలోని వైకల్య పెన్షన్; పీఎఫ్ సొమ్ము, గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే సొమ్ము) వంటి ఏకమొత్తాలు; రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే దివ్యాంగుల పెన్షన్. వీటిలో ఒకటి తీసుకుంటే రెండోది రాదని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా సందర్భాల్లో వరుస తప్పినప్పుడే రెండోది పోతుంది.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి, ఈఎస్‌ఐ కోత పడుతున్నవారికి మొదటి దారి ఈఎస్‌ఐయేనని నా గట్టి అభిప్రాయం. ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, దానికి సంబంధించిన భృతి కాలంలో జబ్బు పడినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున 91 రోజుల వరకు భృతి వస్తుంది. ఇరవై వేల జీతగాడికి అది నెలకు సుమారు పద్నాలుగు వేలు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తర్వాతి మెట్టు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం, దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యం, పార్కిన్సన్స్, స్కిజోఫ్రీనియా వంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు, రెండేళ్లు నిరంతరంగా బీమా కింద పనిచేసి తగినన్ని రోజుల చందా ఉన్నవారికి, భృతి 80 శాతానికి పెరుగుతుంది. జబ్బు తీవ్రతను బట్టి దాన్ని రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. మా బాబాయి లెక్కలో అది నెలకు పదహారు వేలు, ఏడాదికి లక్షా తొంభై రెండు వేలు. పన్నెండేళ్ల పీఎఫ్ పొదుపుకు దగ్గరగా వచ్చే ఈ మొత్తం ఒక్క ఏడాదిలో వచ్చేది, అదీ పీఎఫ్‌లో రూపాయి కదలకుండా. పైగా ఈఎస్‌ఐ జబ్బు భృతి తీసుకుంటున్న కాలంలో యజమాని ఆ కార్మికుణ్ణి ఉద్యోగం నుంచి తొలగించడానికి చట్టం ఒప్పుకోదు. ఆయనకు పక్షవాతం వచ్చిన వారంలో ఈ ఒక్క మాట చెప్పినవారు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఈ భృతి కోసం ఈఎస్‌ఐ డిస్పెన్సరీ లేదా ఆస్పత్రి డాక్టరు ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్ ప్రతి విడతకూ ఉండాలి. ప్రైవేటు ఆస్పత్రిలో చేరి, ఈఎస్‌ఐకి కబురే చేయకుండా ఉండిపోయినవారు తరువాత ఆ రోజులకు భృతి రాబట్టుకోవడానికి చాలా తిరగాలి. కాబట్టి వైద్యం ఎక్కడ జరుగుతున్నా సరే, ఇంట్లో ఒకరు మొదటి వారంలోనే డిస్పెన్సరీకి వెళ్లి కాగితం మొదలుపెట్టడం మేలు. ఇక పని ప్రదేశంలో జరిగిన గాయమైతే లెక్క వేరు: అప్పుడు భృతి 90 శాతం, అది పని చేయలేని స్థితి ఉన్నంత కాలం వస్తుంది.

భృతి కాలం ముగిసే సరికి మళ్లీ ఆ పని చేయలేనని తేలితే, అప్పుడు చూడవలసింది ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995. ఇందులో పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు కావాలనే మాట అందరికీ తెలుసు. అయితే ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైన సభ్యుడికి ఈ రెండూ అక్కర్లేదు. ఒక్క నెల చందా పడి ఉన్నా చాలు, అశక్తత ఏర్పడిన మర్నాటి నుంచి జీవితాంతం పెన్షన్ వస్తుంది. వైద్య పరీక్షలో చూసేది కూడా ఆయన లోకంలోని ఏ పనీ చేయలేడా అన్నది కాదు, అప్పటిదాకా చేస్తున్న ఆ ఉద్యోగానికి శాశ్వతంగా పనికిరాడా అన్నది. మెషీన్ ఆపరేటర్‌కు కుడి చేయి పోయిందంటే ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు.

మొత్తం మాత్రం చిన్నదే. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 15,000. పన్నెండేళ్లకు నెలకు సుమారు 2,571 రూపాయలు వస్తాయి. సర్వీసు మరీ తక్కువైనా కనీసం వెయ్యి రూపాయలు. దీంతో ఇల్లు గడవదు, నిజమే. కానీ ఇది ఆగని సొమ్ము, ఆయన తర్వాత భార్యకు కూడా పెన్షన్ ఉంటుంది. "ఉద్యోగంలో ఉండగా" అన్న షరతే ఇక్కడ ప్రాణం. ఉద్యోగంలో ఉండగా వైద్య పరీక్షతో అశక్తత తేలకముందే రాజీనామా ఇచ్చిన మా బాబాయి ఇప్పుడు 58 దాకా ఆగాలి, లేదా 50 నిండాక తగ్గించిన పెన్షన్‌తో సరిపెట్టుకోవాలి. పదేళ్ల సర్వీసు నిండనివారి పరిస్థితి ఇంకా కష్టం: పీఎఫ్‌కు ఫారం 19తోపాటు ఫారం 10సి కూడా నింపి పెన్షన్ వాటా కాస్త సొమ్ముగా తీసేసుకుంటే, ఆ పెన్షన్ హక్కు అక్కడితో ముగుస్తుంది. వైకల్య పెన్షన్‌కు నింపవలసింది ఫారం 10డి.

గ్రాట్యుటీ విషయంలోనూ ఇటువంటి మినహాయింపే ఉంది. సాధారణంగా అయిదేళ్ల సర్వీసు కావాలి; జబ్బు లేదా ప్రమాదం వల్ల పాత పని చేయలేక మానేసినవారికి ఆ అయిదేళ్ల షరతు వర్తించదు. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, 15,000 బేసిక్‌తో పన్నెండేళ్లకు సుమారు లక్షా నాలుగు వేలు వస్తుంది. మానేసిన కారణం కాగితం మీద అనారోగ్యం అని స్పష్టంగా ఉండాలి. పీఎఫ్‌కు కూడా ఇది ముఖ్యమే: అయిదేళ్లలోపు సొమ్ము తీస్తే పడే ఆదాయపు పన్ను, అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవారికి పడదు.

పీఎఫ్ సొమ్మును నేను చివరన పెడతాను. అది ఎక్కడికీ పోదు, దానిపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది, శాశ్వతంగా అశక్తులైనవారికి పూర్తిగా తీసుకునే హక్కు ఎలాగూ ఉంది. తక్షణ అవసరానికి రాజీనామా లేకుండానే అనారోగ్యం కింద కొంత అడ్వాన్సు తీసుకోవచ్చు.

జీతం 21,000 దాటి ఈఎస్‌ఐ లేనివారికి ఈ వరుస మారుతుంది. కంపెనీ ఆరోగ్య బీమా ఆస్పత్రి బిల్లు కడుతుందే తప్ప జీతం ఇవ్వదు. వారు ఉన్న సెలవులన్నీ వాడుకుని, అవసరమైతే జీతం లేని సెలవైనా అడిగి, వైకల్య పెన్షన్ దరఖాస్తు అయ్యేవరకు హాజరు పట్టీలో పేరు నిలుపుకోవడం మంచిది. ప్రభుత్వోద్యోగులకు, ఆర్టీసీ వంటి సంస్థల్లో పనిచేసేవారికి పట్టు ఎక్కువ: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదు, అదే జీతంతో వేరే పనిలో పెట్టాలి.

రాష్ట్ర పెన్షన్ దగ్గర మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నామన్నది చాలా తేడా తెస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, డయాలసిస్ రోగులకు 10,000, పక్షవాతం వంటి వాటితో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగులకు 2023లో పెంచిన మొత్తం 4,016. అంటే పన్నెండేళ్లు చందా కట్టిన కార్మికుడి పెన్షన్ కంటే రెండు చోట్లా ఇదే ఎక్కువ. దీనికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రం (సదరం సర్టిఫికెట్) కావాలి, కుటుంబ ఆదాయం చూస్తారు, మంజూరుకు సమయం పడుతుంది. అందుకే ఈఎస్‌ఐ భృతి వస్తున్న నెలల్లోనే సదరం స్లాట్ బుక్ చేసుకుని శిబిరానికి వెళ్లి రావాలి. మా బాబాయి ఆ పని పీఎఫ్ డబ్బు అయిపోయాక మొదలుపెట్టారు. మధ్యలో గడిచిన నెలలకు పిన్ని గొలుసు కుదువ పెట్టాల్సి వచ్చింది.