పాత కారుకి ఆయిల్ లీక్: యూవీ డై, టార్చ్ చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇంజిన్ ఆయిల్‌లో కలిపే యూవీ డై (అతినీలలోహిత వెలుతురు పడితే మెరిసే రంగు), దాన్ని చూపించే టార్చ్ కొనడం దండగా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను. దండగ కాదు, పాత కారున్న ఎవరైనా కొనుక్కోవచ్చు. కాకపోతే డబ్బు పెట్టాల్సింది డై మీద కాదు, టార్చ్ మీద.

నాది 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఉండేది విజయనగరంలో. అక్కావాళ్లు కోరాపుట్‌లో ఉండటంతో 26వ నంబర్ జాతీయ రహదారి మీద సాలూరు దాటి ఘాట్ ఎక్కడం నాకు మామూలే. కోట జంక్షన్, రింగ్ రోడ్ అంటూ ఊళ్లో తిరిగినన్నాళ్లూ కింద చుక్క కూడా పడేది కాదు. ఘాట్ ఎక్కి దిగితే మాత్రం బండి ఆపిన చోట నల్లటి మరక, బానెట్ ఎత్తితే మాడు వాసన. కారణం ఉంది. ఎత్తు మీద ఇంజిన్ చాలాసేపు బరువు లాగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి పలచబడి, గట్టిపడిపోయిన ప్యాకింగ్ సందుల్లోంచి దారి చేసుకుంటుంది. ఎగ్జాస్ట్ మీద పడిన బొట్లు కాలుతుంటే ఆ వాసన.

ర్యాంప్ మీద పెట్టి చూస్తే ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటంతా తడి. "బాబూ, ఇది ఎనక సీలే, గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నాడు మెకానిక్. ఆ తడి చూస్తే ఎవరైనా అదే అంటారు. క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్‌ని ఆపే ఆ సీల్ ఖరీదు పెద్దదేం కాదు, గేర్‌బాక్స్ దించి ఎక్కించే లేబరే అసలు ఖర్చు. అంతా చేశాక మళ్లీ అదే మరక కనిపిస్తే ఎవర్ని అడగాలి? ఇంకో షెడ్డులో చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ అన్నారు. ఇద్దరి మాటా వేరయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది. అప్పుడు తెప్పించాను ఈ డై.

కారు కింద చుక్క పడే చోటు, లీక్ అయ్యే చోటు ఒకటి కానక్కర్లేదు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి పరుగెడుతుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే వెతకాల్సింది బొట్టుని కాదు, అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడి మొదలైందో ఆ చోటుని. ఏళ్ల తరబడి దుమ్ము, జిడ్డు పేరుకున్న ఇంజిన్ మీద మామూలు కంటికి అది దొరకదు. డై ఉన్నా సరే, ముందు ఇంజిన్ కడగాలి. డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఆల్టర్నేటర్‌కీ వైర్ల కనెక్టర్లకీ కవర్లు కట్టి, నీళ్లు మెల్లగా పోయాలి. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్‌తో కొట్టించడం నాకు ఇష్టం లేదు. నీళ్లు కనెక్టర్లలోకి వెళ్తే అదో కొత్త తలనొప్పి.

డై కొనేటప్పుడు ఇంజిన్ ఆయిల్‌కి పనికొచ్చేదేనా అని చూడండి, కూలెంట్‌లో కలిపేది వేరే రకం. మోతాదు సీసా మీదే ఉంటుంది. గరాటు పెట్టి పోయాలి, ఎందుకంటే హెడ్ కవర్ (ఇంజిన్ పైమూత) మీద ఒక్క చుక్క ఒలికినా రాత్రి అదే లీక్‌లా మెరుస్తుంది. పోశాక ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపాలి. నేనైతే ఘాట్ మీదికే తీసుకెళ్లాను, లీక్ బయటపడేది అక్కడే కాబట్టి.

ఇక టార్చ్ సంగతి. చవకగా దొరికేవి చాలావరకు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (వేవ్‌లెంగ్త్) ఉన్నవి. వాటిలోంచి ఊదారంగు వెలుతురు ఎంత వస్తుందంటే, డై మెరుపు అందులో కలిసిపోతుంది. 365 నానోమీటర్ల టార్చ్‌లో ఆ ఊదా తక్కువ, మెరుపు విడిగా తెలుస్తుంది. పసుపు కళ్లజోడు పెట్టుకుంటే ఇంకా మేలు, కళ్లకి రక్షణ కూడా. చీకట్లోనే చూడాలి, ఇంజిన్ ఆపి చల్లారనివ్వాలి. ఇంకో జాగ్రత్త, చాలా కూలెంట్లు కూడా ఈ వెలుతురులో పచ్చగా మెరుస్తాయి. అనుమానం వస్తే వేలితో తాకి చూడండి, ఆయిల్ జిడ్డుగా జారుతుంది.

ఆ రాత్రి చూసింది నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. హెడ్ కవర్‌కి గేర్‌బాక్స్ వైపు, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ, మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) కేసి ఉన్న మూల దగ్గర, మనిషి తల దూరని చోట చిన్న అద్దం పెట్టి టార్చ్ వేశాను. ఆ మూలలోంచి పసుపుపచ్చ గీత ఒకటి, దారప్పోగంత సన్నగా, హెడ్ వెనక నుంచి బ్లాక్ మీదుగా దిగి, గేర్‌బాక్స్ అంచున వెడల్పై బొట్టు కట్టింది. చాంబర్ ప్యాకింగ్ చుట్టూ పొడి. వెనక సీల్ కారితే ఇంజిన్ పైభాగం తడవదు కదా! కవర్ విప్పితే రబ్బరు ప్యాకింగ్ అప్పడంలా ముక్కలైంది. కొత్తది వేసి, మూలల్లో కొంచెం సిలికాన్ గమ్ పెట్టి, బోల్టులు మధ్య నుంచి బయటికి కొద్దికొద్దిగా బిగించారు. వీటికి బలం చూపించకూడదు, ఎక్కువ బిగిస్తే కవర్ వంగి మళ్లీ కారుతుంది.

ప్యాకింగ్‌తో ఆగకుండా పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లో చేరే గ్యాసుల్ని లాగేసే వాల్వ్) కూడా చూడమని అడిగి చూయించాను. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి, కొత్త ప్యాకింగ్‌నైనా తోసుకుని ఆయిల్ బయటికొస్తుంది. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీసి పైన కాగితం పెడితే మెల్లగా లోపలికి లాగాలి. ఎగరగొడుతుంటే మాత్రం పీసీవీని అనుమానించాలి.

వాడగా వాడగా తెలిసిన లోపాలు కూడా చెప్పాలి. రిపేరు అయ్యాక పాత డైని బాగా తుడవకపోతే అది అలాగే మెరుస్తూ లీక్ తగ్గలేదని భయపెడుతుంది. ఊట మరీ సన్నగా ఉంటే ఒక్కసారి తిప్పితే కనబడదు, కొన్నాళ్లు ఓపిక పట్టాలి. తర్వాత ఒకసారి నా బండిలో ఆయిల్ ప్రెషర్ స్విచ్ కారింది. అప్పుడు మెరుపు కనెక్టర్ లోపల, వైరు మొదట్లో కనిపించింది. కళ్లకి అదంతా మామూలు మురికే. మార్చాల్సింది ఒక్క చిన్న స్విచ్.

గజపతినగరంలో మా బావ కారు కథ వేరు. అక్కడ పైనంతా పొడి, గేర్‌బాక్స్ కింది రంధ్రంలోంచి మాత్రమే మెరుపు. అది నిజంగా వెనక సీలే. గేర్‌బాక్స్ దించక తప్పలేదు, కానీ అనుమానం లేకుండా దించారు. ఆలస్యం చేసి ఉంటే ఆయిల్ క్లచ్ ప్లేటుకి పట్టి అదీ జారేది.

డై ఎందుకులే అనుకునేవాళ్లు కడిగి ఆరబెట్టిన ఇంజిన్ మీద టాల్కమ్ పౌడర్ చల్లి చూడొచ్చు. ఆయిల్ తగిలిన చోట పొడి నల్లబడుతుంది. కంటికి ఎదురుగా ఉండే చోట్లకి బాగానే పనిచేస్తుంది. వెనక మూలలకి, వానాకాలానికి పనికిరాదు.

డిప్‌స్టిక్‌లో మట్టం కనిష్ఠ గీత కిందికి వచ్చేసినా, డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు వెలిగినా ఈ పరీక్షలేవీ పెట్టుకోవద్దు. లైటు వెలిగితే వెంటనే బండిని పక్కకి ఆపి, ఇంజిన్ ఆపేసి, బండిని షెడ్డుకి లాగించండి.