వంతెన ఎక్కించిన నాలుగు పళ్ళు

నాన్నగారి పాత నల్ల సైకిలును పోయిన ఏడాది కొట్టంలోంచి తీసి బాగుచేయించాను. టైర్లు, ట్యూబులు, గుండ్లు, గ్రీజు, కూలి అన్నీ కలిపి 2,300 రూపాయలు. రంగు వేయించలేదు, మనసొప్పలేదు. ఆ ఖర్చులో నేను చెప్పుకోదగ్గది ఒక్కటే: 180 రూపాయల 22 పళ్ళ ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి చైను తగులుకునే పళ్ళ చక్రం.

మాది కొవ్వూరు, ఉద్యోగం రాజమండ్రిలో. మధ్యలో 1974 నాటి గోదావరి వంతెన. రైలు కింద, రోడ్డు పైన కాబట్టి ముందు ఆ ఎత్తుకు ఎక్కితే తప్ప నది కనిపించదు. పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి 48 పళ్ళు, పాత ఫ్రీవీల్‌కు 18. ఒక్క చుట్టు తొక్కితే సైకిలు దాదాపు ఆరు మీటర్లు పోయేది. ఎదురుగాలి వీచిందంటే సగం ఎక్కుడులోనే దిగి నడిపించుకోవడమే. 22 పళ్ళది వేశాక అది ఐదు మీటర్లలోపుకు వచ్చింది, తొక్కుడు ఆ మేరకు తేలికైంది. మొదటి రోజు సీటు మీంచి లేవకుండా పైదాకా వెళ్ళిపోయాను. ఇక గేర్ల సైకిళ్ళు దండగ అని ఆఫీసులో వారం రోజులు అందరికీ చెవినిల్లు కట్టుకుని చెప్పాను.

పదో రోజున వాన. రాజమండ్రి వైపు దిగుతూ వెనక బ్రేకు నొక్కితే పిడి హ్యాండిల్‌కు ఆనింది కానీ చక్రం ఆగలేదు. ముందు బ్రేకు తడి రిమ్ము మీద జర్రున జారింది. రెండు చెప్పులూ రోడ్డుకు రాస్తూ, అరటిపళ్ళ బండికి జానెడు దూరంలో ఆగాను. బండామె తిట్టిన తిట్లలో అన్యాయమైనది ఒక్కటీ లేదు.

తప్పెక్కడుందో ఆ రాత్రి లాంతరు పట్టుకుని కూర్చుంటే గాని తెలియలేదు. ఫ్రీవీల్ పెద్దదైంది, చైను పాతదే. చైను చాలక మెకానిక్ వెనక చక్రాన్ని గాడిలో అరంగుళం ముందుకు లాగి బిగించాడు. తీగ బదులు కడ్డీతో లాగే ఈ పాత రకం వెనక బ్రేకు రబ్బర్లు, చక్రం ముందు భాగంలో రిమ్మును లోపలి వైపు నుంచి పట్టాలి. రిమ్ము ముందుకు జరిగితే వాటికి అందేదెలా? నాలుగు పళ్ళు పెరిగితే చైనులో రెండు లింకులు కలపాలి, అంటే ఒక అంగుళం. కలిపించాను. చక్రం వెనక్కి వచ్చింది, బ్రేకూ వచ్చింది.

పద్నాలుగు నెలలైంది. ఎక్కుడు గురించి నా మాట మారలేదు. చదును మీద మాత్రం కాళ్ళు గిరగిరా తిరుగుతాయి తప్ప దూరం తరగదు. వెనక నుంచి గాలి వీస్తున్నప్పుడు పిల్లలు కూడా దాటిపోతున్నారు. గేర్ల సైకిళ్ళ మీద ఆనాటి నా తీర్పు ఇప్పుడెవరైనా గుర్తుచేస్తే మాట దాటేస్తాను. నాకు యాభై రెండేళ్ళు, ఒక మోకాలు నొప్పి, రోజూ రెండుసార్లు ఆ వంతెన. ఊళ్ళోనే తిరిగేవారికి 18 పళ్ళదే నయమేమో. మావాడు ట్యూషన్‌కు ఈ సైకిలు అడుగుతున్నాడు. పాత ఫ్రీవీల్ నూనె రాసి డబ్బాలో ఉంచాను.