హన్మకొండ ఎటు పెరగాలి: నయీంనగర్ హాస్టళ్లా, రింగు రోడ్డు వెంచర్లా?

ఏ కాలనీ కమిటీ మీటింగు పెట్టినా చివరికి ఈ ప్రశ్న దగ్గరే ఆగుతోంది. ఊరి మధ్యలో పాత ఇల్లు కూల్చి ఐదంతస్తుల హాస్టల్ కడతామంటే పక్కింటివాళ్లు సంతకాలు సేకరిస్తారు. అదే పక్కింటివాళ్లు ఆదివారం కారేసుకుని రింగు రోడ్డు దగ్గర ప్లాట్లు చూసొస్తారు. పిల్లలు మాత్రం ఏటా జూన్‌లో వస్తూనే ఉంటారు. 1959లో ఆర్ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ), అదే ఏడు కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ, ఆ తర్వాత లెక్కకు మించి జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు వచ్చిపడ్డ ఊరిది. పెరగొద్దంటే ఆగే ఊరు కాదు. కాబట్టి తేల్చుకోవాల్సింది ఎటు పెరగాలన్నదే.

ట్రాఫిక్, అద్దెలు, రాత్రిపూట గోల గురించి అందరూ మాట్లాడతారు. నా లెక్కలో అవన్నీ రెండో వరుస సంగతులు. ఈ ఊరికి అసలు పరీక్ష నీళ్లు: వానొస్తే అవి ఎటు పోతాయి, వాడిన నీళ్లు ఎటు పోతాయి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగింది. 2023 జూలైలో పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగింది. 2024లో నయీంనగర్ పాత వంతెన కూల్చి కొత్తది కట్టారు, నాలానూ వెడల్పు చేశారు. అయినా 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకు లోతట్టు కాలనీలు మళ్లీ మునిగాయి. వంతెన కింద దారి పెద్దదైంది సరే, పైనుంచి వచ్చే నీరు కూడా పెరిగింది మరి. ఆ పెరుగుదల ఎక్కడిదో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ఒక ఎకరం వరి పొలం తీసుకోండి. పది సెంటీమీటర్ల వాన పడితే ఆ ఎకరం మీద పడే నీరు సుమారు నాలుగు లక్షల లీటర్లు. జానెడు ఎత్తు ఒడ్డు ఉన్న మడి దాన్ని దాదాపు మొత్తం పట్టుకుని, రెండు మూడు రోజుల్లో మెల్లగా వదులుతుంది. అదే ఎకరాన్ని చదును చేసి, సీసీ రోడ్లు వేసి, స్లాబులు పోస్తే అరవై శాతం నీరు గంటా రెండు గంటల్లో బయటికొస్తుంది. అంటే రెండు లక్షల నలభై వేల లీటర్లు. ఇరవై ఎకరాల వెంచర్ నిండా ఇళ్లొస్తే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు వెయ్యి ఒకే పూట గుమ్మరించినట్టు. ఊరికి ఎగువన ఉన్నవన్నీ గొలుసుకట్టు చెరువులు కాబట్టి ఆ నీరు కట్టుకాలువ (చెరువులోకి నీరు తెచ్చే కాలువ) పట్టుకుని, మత్తడి దాటి, కింది చెరువుకు, చివరికి నాలాకే చేరుతుంది. గోపాలపూర్ చెరువు కింద సమ్మయ్యనగర్, దాని కింద నయీంనగర్. ఊరి బయట గాలి, వెలుతురు అని కొనుక్కున్న ప్లాటు నీళ్లు ఊరి మధ్యలో ఇంకొకరి వంటింట్లోకి వస్తున్నాయన్నమాట.

ఇప్పుడు ఊరి మధ్య సంగతి. రెండు వందల గజాల్లో పాత ఇల్లుంది. స్లాబు, గచ్చు కలిపి ఇప్పటికే అరవై శాతం మూసి ఉంది. దాన్ని కూల్చి హాస్టల్ కట్టి మిగతా స్థలమంతా గచ్చు చేసినా, అదే పది సెంటీమీటర్ల వానకు కొత్తగా బయటికి పోయేది ఏడు వేల లీటర్ల లోపే. అంతస్తుకు ఐదు గదులు, గదికి నలుగురు చొప్పున నాలుగంతస్తుల్లో ఎనభై మంది ఉంటారు. ఆ ఎనభై మందినీ కుటుంబానికి నలుగురి లెక్కన రెండేసి వందల గజాల ఇళ్లలో పెట్టాలంటే ఇరవై ప్లాట్లు కావాలి. రోడ్లు, పార్కు స్థలం పోగా ఎకరానికి 2,900 గజాలు మిగులుతాయనుకుంటే ఎకరం పదిహేను గుంటల పొలం పోతుంది. దాని మీంచి దిగే వరద మూడు లక్షల లీటర్ల పైచిలుకు. హాస్టల్ పిల్లలూ కుటుంబాలూ ఒకటి కాదు, నిజమే. కానీ ఏడు వేలకూ మూడు లక్షలకూ ఉన్న తేడా ఆ ఒక్క మాటతో చెరిగిపోదు.

అందుకే నా మొగ్గు ఊరి లోపలికే. అలాగని ఇప్పుడు కడుతున్న పద్ధతికి మాత్రం కాదు, ఎందుకంటే వాన పరీక్షలో నెగ్గిన హాస్టల్ మోరీ పరీక్షలో తప్పుతోంది.

మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రమాణం. ఎనభై మందికి 10,800 లీటర్లు, అందులో ఎనభై శాతం, అంటే 8,640 లీటర్లు, మురుగై తిరిగొస్తాయి. పాత ఇంట్లో ఐదుగురున్నప్పుడు మొత్తం వాడకమే 675 లీటర్లు. ఊరంతటికీ భూగర్భ డ్రైనేజీ లేదు. ₹4,170 కోట్ల పనికి 2024లో పరిపాలనా అనుమతి వచ్చింది గానీ పైపు మీ గల్లీ దాకా వచ్చేవరకు దిక్కు సెప్టిక్ ట్యాంకే. చాలాచోట్ల జరుగుతున్నదేమిటంటే, పైన ఐదంతస్తులు లేస్తాయి, కింద పాత ట్యాంకే ఉంటుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు ట్యాంకులో పట్టేది 3,400 లీటర్లు. లెట్రిన్ నీళ్లు ఒక్కటే దాంట్లోకి వదిలినా మనిషికి 45 చొప్పున ఎనభై మందికి రోజుకు 3,600. ట్యాంకులో నీరు కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు నిలవాలి. అప్పుడే మడ్డి అడుక్కు దిగుతుంది. ఇక్కడ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఒక రోజు నిలవదు, సగం మడ్డి నిండాక పూట కూడా నిలవదు. మిగిలిందంతా ముద్దముద్దగా రోడ్డు పక్క మోరీలోకి. పక్కింటివాళ్లు వాసన అని మొత్తుకుంటే ఓనరు ట్యాంకులో బ్లీచింగ్ చల్లిస్తాడు, దాంతో లోపల కుళ్లబెట్టే పని చేసే సూక్ష్మజీవులు కూడా చస్తాయి.

ఎనభై మందికి పెట్టాల్సిన ట్యాంకు పద్నాలుగడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల నీటి లోతు. దాదాపు పన్నెండు వేల లీటర్లు పడుతుంది. మధ్యలో అడ్డుగోడ పెట్టి రెండు అరలు చేయాలి, మొదటి అర పెద్దదిగా ఉండాలి. నీళ్లు బయటికి పోయే పైపు లోపలికొచ్చే పైపు కన్నా రెండంగుళాలు కిందికి ఉండాలి, రెండింటికీ టీ ముక్కలు (ఇంగ్లిషు T ఆకారపు పైపు ముక్కలు) బిగించాలి. మేస్త్రీలు ఎగ్గొట్టేది ఈ టీ ముక్కలనే. అవి లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా బయటికి పోతుంది. ఇక మూత. దాన్ని పార్కింగ్ టైల్స్ కింద పూడ్చేస్తే ట్యాంకు ఖాళీ చేయించడం మరిచిపోయినట్టే. ఏటా ఒకసారి తీయించాలి, బండి అమ్మవారిపేటలోని శుద్ధి కేంద్రానికే పోతోందని రసీదు అడగాలి. రాత్రిపూట తక్కువ ధరకు వస్తానన్న బండి ఎక్కడ గుమ్మరిస్తుందో వేరే చెప్పాలా?

ఆన్‌లైన్ పర్మిషన్‌లోనూ ఒక మెలిక ఉంది. ఐదు వందల చదరపు మీటర్ల లోపు స్థలం, పది మీటర్ల లోపు ఎత్తు అయితే నివాస గృహానికి సొంత ధ్రువీకరణతో అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. పది మీటర్లంటే గ్రౌండు ప్లస్ రెండు. ఆ కాగితం మీద ఇంకో రెండంతస్తులు లేపి హాస్టల్ బోర్డు పెడితే అది రెండు తప్పులు: ఎత్తు ఒకటి, వాడకం మరొకటి. మీ గల్లీలో అభ్యంతరం చెప్పదలిస్తే ‘హాస్టల్ వద్దు’ అని రాయకండి, అది చెల్లదు. అనుమతి నంబరు, అనుమతించిన అంతస్తులు, ట్యాంకు కొలతలు, రెండో మెట్లదారి ఉందా లేదా అని రాసివ్వండి. ఎనభై మంది పడుకునే చోట మూడడుగుల మెట్లదారి ఒక్కటే ఉండి, దాని కిందే బైకులూ కరెంటు మీటర్లూ ఉంటే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరు అక్కర్లేదు.

నాలా పక్కన మాత్రం రెండో మాట లేదు. పది మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు తొమ్మిది మీటర్లు, అంతకన్నా చిన్నదానికి రెండు మీటర్లు వదలాలి. చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) నుంచి, పది హెక్టార్లు, ఆపైన ఉంటే ముప్పై మీటర్లు, లేకుంటే తొమ్మిది. అక్కడ హాస్టలైనా, ఇల్లైనా, గుడైనా ఒకటే.

వెంచర్లలో అసలు మంచి లేదనను. రోడ్లు వెడల్పు, పదో వంతు ఖాళీ జాగా. పదిహేను శాతం ప్లాట్లు అనుమతిచ్చే సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి కాబట్టి పనులు పూర్తి చేయించే పట్టు కూడా ఉంది. కానీ కొనేవాళ్లలో ఎక్కువమంది ఇల్లు కట్టరు, మామునూరు విమానాశ్రయం పేరు చెప్పి రేటు పెరిగేదాకా ఉంచుకుంటారు. పది ఇళ్లున్న చోటికి నల్లా లైను రాదు, సిటీ బస్సు అసలే రాదు. ఇంటర్ చదివే పిల్లాడు అక్కడి నుంచి పొద్దున ఆరు గంటల స్టడీ అవర్‌కు ఎలా రావాలి? అయినా కొంటామంటే సర్వే నంబరు తీసుకుని గ్రామ నక్షాలో చూడండి, 1954-55 ఖాస్రా పహాణీలో (పాత భూమి రికార్డు) ఆ నంబరు శిఖం, అంటే చెరువు భూమి, అని ఉందేమో చూడండి, కట్టుకాలువ ఏ ప్లాట్ల మధ్య నుంచి పోతుందో వెతకండి. బ్రోచర్‌లో అది ‘గ్రీన్ బెల్ట్’ అని ఉంటుంది.

క్యాంపస్‌లోనే హాస్టళ్లు కట్టాలనేవాళ్లూ ఉన్నారు. యూనివర్సిటీకి, ఎన్ఐటీకి సరే. అద్దె బిల్డింగులో నడిచే జూనియర్ కాలేజీకి క్యాంపస్ ఎక్కడిది? పదిహేను ఇరవై అంతస్తుల టవర్లంటారా, అగ్గి ఆర్పే బండి తిరిగే రోడ్డు లేని గల్లీల్లో ఆ ముచ్చటే అనవసరం.

ఎత్తు మీదున్న, నాలాకు దూరంగా ఉన్న వార్డుల్లో అంతస్తులు లేవనివ్వొచ్చు. ట్యాంకు గొయ్యి తవ్వినరోజే కొలిచి, స్లాబు పడకముందు ఫొటో తీసి పెట్టుకోండి. పైన టైల్స్ పడ్డాక కమిషనర్ వచ్చినా లోపల ఎంతుందో చెప్పలేడు.